నడుము లేని వైద్యుడు

ఆ రోజుల్లో నొప్పులకు కూడా వయసు నిబంధన ఉండేది. పిల్లలకు కడుపు నొప్పి రావచ్చు, పన్ను నొప్పి రావచ్చు, పరీక్షనాడు తలనొప్పి వస్తే ఎవరూ నమ్మకపోయినా కనీసం వినేవాళ్ళు. నడుము నొప్పి మాత్రం పెద్దవాళ్ళ సొంత ఆస్తి. "చిన్న పిలగానికి నడుమెక్కడిదిరా" అని మా నాయనమ్మ అంటే, ఏడో తరగతిలో అస్థిపంజరం బొమ్మ గీసి, వెన్నులో ఎముకలన్నిటికీ రంగు వేసి, సారు చేత శభాష్ అనిపించుకున్న నేను, నెల రోజులు ఆ మాట నమ్మాను. లేని నడుము ఇంతగా ఎందుకు నొస్తున్నదో అర్థం కాక, ఎవరూ చూడకుండా గోడకు ఆనుకుని నిలబడేవాణ్ణి. నా తెలివి అంతటిది.

ఇందులో ఇంకో అన్యాయం ఉంది. నేను ఎదురుకాళ్ళతో పుట్టాను. అంటే ఈ లోకంలోకి తల పెట్టే ముందే కాలు పెట్టాను (తల వాడకం తర్వాత కూడా పెద్దగా పెరగలేదు). అట్లా పుట్టినవాళ్ళు పొద్దున్నే మూడుసార్లు తంతే పట్టేసిన నడుము వదులుతుందని మావాళ్ళ నమ్మకం. దాంతో నాంపల్లి స్టేషను వెనక మా ఇంటికి పాలవాడికన్నా ముందు పేషెంట్లు వచ్చేవాళ్ళు. గడప ముందు చాప మీద బోర్లా పడుకునేవాళ్ళు. నేను కళ్ళు నులుముకుంటూ వచ్చి తన్నేవాణ్ణి. ఫీజు ఒక బిస్కెట్ పొట్లం. పెద్దవాళ్ళను తన్ని మెప్పు పొందే భాగ్యం ఎంతమంది పిల్లలకు దక్కుతుంది చెప్పండి.

ఇక నా నడుము సంగతి. అబిడ్స్‌లో మా బడి. ఏ పీరియడ్‌కు ఏ సారు వస్తాడో ఆ సారుకే తెలియదు, పుస్తకం లేనివాడు మాత్రం బయట నిలబడాలి. కాబట్టి అన్ని సబ్జెక్టుల పుస్తకాలూ, నోట్సులూ, గైడ్లూ రోజూ ఊరేగేవి. సంచి పట్టీలు రెండూ భుజాలకు వేసుకునేవాడు పసిపిల్లాడని తొమ్మిదో తరగతి అన్నలు తేల్చేశారు గనక, ఆ బరువంతా ఒక్క కుడి భుజం మీదే. ఇవి చాలవన్నట్టు మా పెద్దనాయన డిక్షనరీ. ఆయనకు అబిడ్స్‌లో పెన్నుల దుకాణం ఉండేది. నాన్నను బాపు అనేవాళ్ళం. బాపు కోర్టులో గుమాస్తా అయినా ఇంట్లో తీర్పులన్నీ పెద్దనాయనవే. ఒక ఆదివారం ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల్లో ఇటుక లాంటి ఆ డిక్షనరీని పట్టి, "రోజు తీస్కపో. తెల్వని మాటొస్తే సారును అడుగుడేంది, నువ్వే చూస్కో" అని తీర్పిచ్చాడు. ఏడాదిలో నేను దాన్ని తెరిచింది ఒక్కసారి, ఒక తిట్టు అర్థం కోసం. అది అందులో లేదు.

చివరికి ఒక పొద్దున, ఎదురింటి టైలరును తన్నబోతుంటే నాకే పట్టేసి వంగిపోయాను. నడుము అన్నాను. చాప మీద అదే నడుముతో మూలుగుతున్న టైలరు, తల తిప్పి చూసి, పకపకా నవ్వాడు. మా నాయనమ్మ బడి ఎగ్గొట్టే వేషం అంది. పెద్దనాయన, గట్లనే పెరుగుతర్రా, పో అన్నాడు. నాకు నొప్పికన్నా ఆ నవ్వు ఎక్కువ నొచ్చింది.

అసెంబ్లీ పక్కన పెరిగినవాణ్ణి, ధర్నా ఎట్లా చేస్తారో నాకు ఎవరూ నేర్పక్కర్లేదు. సమయం కోసం చూశాను. పరీక్షల ముందు వారం, గిరాకీ ముంచుకొచ్చే వారం, సిరా సీసాల డబ్బా ఎత్తబోయి పెద్దనాయన ప్రశ్నార్థకం గుర్తులా వంగిపోయాడు. మర్నాడు పొద్దున చాప పరిచారు. నేను గడప మీద కూర్చుని కాళ్ళు రెండూ మడిచి లోపలికి లాక్కున్నాను.

"నాకు నడుమున్నదని ఒప్పుకునేదాక నీ నడుముకు నా కాలు తాకది, పెద్దనాయనా. నన్ను దవాఖానకు తీస్కపో."

నాయనమ్మ తిట్టింది. బాపు బతిమాలాడు. టైలరు రెండు బిస్కెట్ పొట్లాలు చూపించాడు. అఫ్జల్‌గంజ్‌లో ఎదురుకాళ్ళతో పుట్టినామె ఒకావిడ ఉందని మనిషిని పంపితే, ఆమెకే నడుము పట్టేసిందని కబురొచ్చింది. రెండు రోజులు నేను వెన్ను చూపలేదు. మూడో రోజు పెద్దనాయన దిగొచ్చాక, లక్డీకాపూల్‌లో పిల్లల డాక్టరమ్మకు చూపించాను, అంతే.

నేనూ పెద్దనాయనా ఇద్దరం వంగి లోపలికి వెళ్తే, పేషెంటు ఎవరని అడిగిందావిడ. నన్ను ముందుకు వంగమంది, ఒంటికాలి మీద నిలబడమంది. రాత్రి నొప్పికి మెలకువ వస్తుందా, జ్వరముందా, కాళ్ళు తిమ్మిరెక్కుతాయా, ఒంటికి పోవడంలో ఇబ్బందా అని అడిగింది. నొప్పి ఎప్పటినుంచని అడిగితే నెల పైనే అన్నాను. జీవితంలో మొదటిసారి నా నడుమును ఒకరు ఇంటర్వ్యూ చేస్తున్నారు, నాకు ఏడుపొచ్చింది. తర్వాత సంచితో ఒకసారి, సంచి లేకుండా ఒకసారి బరువు చూసింది. తేడా నమ్మలేక, మిషన్ చెడిందేమోనని తనే ఎక్కి చూసుకుంది. సంచిలోంచి డిక్షనరీ రెండు చేతులతో తీసి, ఇదేమిటని అడిగింది. మా పెద్దనాయన ప్రేమ అన్నాను.

"పిల్లలకు నడుము నొప్పి రాదని ఎవరు చెప్పారండీ మీకు? ఇప్పుడు భయపడేదేం లేదు, సంచి నొప్పే. కానీ నేనడిగినవాటిలో ఏ ఒక్కటి ఉన్నా ఒక్క రోజు ఆగొద్దు. అబద్ధమాడుతున్నాడని మాత్రం అసలు అనొద్దు" అంది. పెద్దనాయన ఫ్యాను వంక చూశాడు. అవసరమైన పుస్తకాలే మొయ్యాలి, రెండు భుజాలకూ వెయ్యాలి, మంచాన పడుకోకుండా ఆడుకోవాలి అంది. ఆడుకోవడం మందుగా రాసిన ఆ చీటీ చాలాకాలం నా దగ్గరుండేది.

మర్నాడు పొద్దున చాప పరిచారు. ఒప్పందం ప్రకారం ఒక్కో తన్నుకు ముందు పెద్దనాయన గట్టిగా, టైలరుకు కూడా వినబడేటట్టు, "ఔ, పిల్లలకు గూడ నడుముంటది" అనాలి. మూడుసార్లు అన్నాడు, మూడు తన్నాను. లేవబోతుంటే నాలుగోది కూడా తన్నాను, కొంచెం గట్టిగానే.

"ఇదేందిరా, మూడే గద?"

"ఔ పెద్దనాయనా. నడుముకు మూడే. ఇది డిక్షనరీకి."

ఎంత గొప్పగా పగ తీర్చుకున్నానని ఆ రోజంతా రెండు పట్టీలు వేసుకుని ఛాతీ విరుచుకుని తిరిగాను. సాయంత్రానికి పెద్దనాయన నడుము వదిలింది కూడా. పట్టేసిన నడుము నాలుగైదు రోజుల్లో దానంతటదే వదలడం మామూలేనని నాకప్పుడు తెలియదు, పెద్దనాయనకు ఇప్పటికీ తెలియదు. మొన్న కూడా ఫోను చేశాడు, నడుము పట్టేసింది రారా అని. ఆఫీసు కుర్చీలో దిండు పెట్టుకుని కూర్చునే నా నడుమును ఒక చేత్తో పట్టుకుని వెళ్ళాను. మెల్లగా మూడు తన్ని ఆపాను. ఆయన లేవలేదు. చాప మీద నుంచే అడిగాడు, "డిక్షనరీది ఏదిరా? అప్పుడు నాకు దానితోనే తగ్గింది."