గురువారం కళ్ళు

మా గ్యాలరీ వేసవి క్లాసుల ప్రస్తావన వస్తే చాలు, తిరుపతిలో నాకు తెలిసినవాళ్ళంతా ఒకటే కథ చెప్తారు. బంగారంలాంటి చెయ్యి ఉన్న పిల్ల ఒకతి ఉండేదని, నేను దాన్ని పదిమందిలో నిలబెట్టి గదమాయించానని, ఆ దెబ్బకు అది బొమ్మలు వెయ్యడమే మానేసిందని. కథ చెప్పేవాళ్ళలో సగం మంది ఆ రోజు అక్కడ లేరు. ఉన్న సగం మందీ టిఫిన్ బల్ల దగ్గర ఉన్నారు. నేను గోడ దగ్గర ఉన్నాను. నాకు నోరుంది, కాదనను. కానీ ఆ పిల్ల చేత కుంచె కింద పెట్టించింది నా నోరేనంటే మాత్రం ఒప్పుకోను.

నేను ఇంటర్ కాలేజీలో చరిత్ర చెబుతాను. మాది పలమనేరు వైపు. ఎండాకాలం సెలవుల్లో ఈ ఊరి వేడికి ఇంట్లో పడి ఉండలేక, మా వీధి చివర మేడ మీదున్న చిన్న గ్యాలరీలో పిల్లల బొమ్మల క్లాసులకు సాయం వెళ్ళేదాన్ని. పాఠం చెప్పేది రిటైరైన డ్రాయింగ్ మాస్టారు, రోజూ చిత్తూరు నుంచి బస్సులో వచ్చేవారు. నా పని కుంచెలు కడగడం, నీళ్ళ డబ్బాలు మార్చడం, మజ్జిగ పొయ్యడం, ఎర్ర రంగు సీసా కోసం జుట్లు పట్టుకున్నవాళ్ళను విడదీయడం.

మాస్టారు మంచివారు. పిల్లల్ని కసిరింది కూడా లేదు. ఆయనకున్న అలవాటల్లా ఒకటే. ఆఖరి రోజు అమ్మానాన్నలు చూడ్డానికి బొమ్మలన్నీ గోడలకు పెడతాం. దానికి ముందురోజు పిల్లలు వెళ్ళిపోయాక ఆయన ఒక్కరే కూర్చుని ప్రతి బొమ్మకూ ‘ఫినిషింగ్’ ఇచ్చేవారు. ఒరిగిన ఇంటిని నిలబెట్టేవారు. పచ్చ కుక్కను గోధుమరంగు కుక్కను చేసేవారు. చంద్రగిరి కోట గీసిన పిల్లవాడు కిటికీలు మరిచిపోతే కిటికీలు పెట్టేవారు. మరునాడు తల్లిదండ్రులు మురిసిపోయేవారు. పిల్లలు తమ బొమ్మ ఏదో తెలియక గోడ వెంట వెతుక్కునేవారు. ఇది తప్పని ప్రతి ఏడూ వాదించేదాన్ని. “ఇంట్లో తగిలించుకునేటట్టు ఉండాల గదమ్మా” అని నవ్వేసేవారు.

ఆ పిల్లకు పదేళ్ళుంటాయేమో. అలిపిరి దగ్గర ఇల్లు. కొండమీద గుళ్ళో తరతరాలుగా కైంకర్యం చేస్తున్న కుటుంబం. నాన్న పొద్దున స్కూటర్ మీద దింపి వెళ్ళేవాడు. మూలన కిటికీ కింద కూర్చుంటే మధ్యాహ్నం దాకా తల ఎత్తేది కాదు. మిగతావాళ్ళు రోజుకు రెండు బొమ్మలు ముగిస్తే, ఇది వారానికి ఒకటి వేసేది.

తిరుపతి పిల్లల చేతికి కాగితమిస్తే ఏదో ఒక రోజు స్వామి బొమ్మ రాక తప్పదు. అందరిదీ ఒకటే తీరు. కిరీటం, దండ, ముఖమంతా పరుచుకున్న తెల్లటి నామం. కళ్ళు ఎవరూ వెయ్యరు. నామం కింద కనబడవు గనుక వెయ్యాలన్న ఆలోచనే రాదు. ఈ పిల్ల చివరి వారంలో స్వామిని మొదలుపెట్టింది. పూలూ నగలూ అన్నీ అయ్యాక కూడా ముఖం ఖాళీగానే ఉంచింది. ఆఖరి రోజుకు ముందు మధ్యాహ్నం నీళ్ళ డబ్బా మార్చడానికి వెళ్ళి చూద్దును కదా, నామం నుదుటి మీద సన్నగా ఉంది. దాని కింద రెండు కళ్ళు.

“ఇదేందే, స్వామికి కళ్ళు పెట్టినావు?” అన్నాను.

“గురువారం, మేడం.”

“గురువారమైతే?”

నా అజ్ఞానానికి అది జాలిపడింది. “గురువారం నామం తగ్గిస్తారు గదా. కండ్లు కనిపిస్తాయి. మా నాయన సూసినాడు. నేను పోయినప్పుడు జనంలో నాకు కనపడలేదు. అందుకని ఏసుకుంటా ఉండా.”

అవి పటాల్లో తీర్చిదిద్దిన కళ్ళలాంటివి కావు. కాస్త కిందికి వాలి, ఎదురుగా నిలబడ్డవాళ్ళను దాటి, వెనక వరసలో ఎవరినో వెతుకుతున్నట్టున్నాయి. ఇంకాసేపు చూసేదాన్నే. అవతల ఎవరో నీళ్ళు ఒలకబోశారు, గుడ్డ తీసుకుని పరిగెత్తాను. రేపు ఎటూ గోడ మీద ఉంటుంది కదా అనుకున్నాను.

మరునాడు గోడ మీద ఉంది. వెడల్పాటి నామంతో, కళ్ళు లేకుండా. ముందు సాయంత్రం మాస్టారి చెయ్యి అన్ని బొమ్మల మీదా తిరిగినట్టే దీని మీదా తిరిగింది. పిల్ల కొలతకు కళ్ళు గీసుకుని, పైన నామం నింపడం మరిచిపోయిందనుకుని, పోస్టర్ వైట్ చిక్కగా కలిపి శ్రద్ధగా నింపారు. భక్తితోనే చేశారు, అందులో నాకు అనుమానం లేదు. వచ్చినవాళ్ళు ఆ బొమ్మ ముందు చెప్పులు విడిచి దండం పెడుతున్నారు. ఆ పిల్ల పక్కనే నిలబడి, దండం పెడుతున్నవాళ్ళను చూస్తోంది. బొమ్మను చూడటం లేదు.

నేను నేరుగా మాస్టారి దగ్గరికి వెళ్ళాను. “అన్నీ మీరే ఏసుకునేదానికి పిల్లోళ్ళను ఎందుకు పిలిచినారు, సార్?”

ఆయనకు అర్థం కాలేదు. గురువారం సంగతి చెప్పాను. ఆయన ముఖం ఒక్క క్షణం మారింది. కానీ చుట్టూ జనం చేరారు. అంతమందిలో తప్పు చేశానని ఒప్పుకోవడం ఏ మాస్టారికి చేతనవుతుంది? “నామం పెడితే మీకు అంత కోపమెందుకమ్మా?” అన్నారు. అక్కడితో వాదన దారి తప్పింది. నేను మాట్లాడుతున్నది పిల్ల గురించి, వాళ్ళు వింటున్నది నామం గురించి. ఎవరో ఈమెకు దేవుడంటే పడదంట అన్నారు. ఎవరో కాలేజీ మేడాలంతా ఇంతే అన్నారు. పిల్ల తల్లి వచ్చి నా చెయ్యి పట్టుకుంది. “ఇడిసిపెట్టండక్కా, నలుగురిలో ఎందుకు?”

నేను ఇడిసిపెట్టలేదు. పిల్ల వైపు తిరిగి, “నువ్వు చెప్పు. ఇది నువ్వు ఏసిందేనా?” అని అడిగాను.

అది బొమ్మను మొదటిసారి చూసింది. తర్వాత మాస్టారిని చూసింది. తర్వాత నన్ను.

“ఇట్లే బాగుండాది, మేడం.”

అందరూ ఊపిరి పీల్చుకున్నారు. కేసు కొట్టేసినట్టు టిఫిన్ బల్ల వైపు కదిలారు. మాస్టారు దాని తల నిమిరారు.

తర్వాతి వేసవికి అది రాలేదు. వాళ్ళమ్మ కూరగాయల మార్కెట్లో కనిపించి, ఇంట్లో కూడా బొమ్మలు ముట్టడం లేదని చెప్పింది. మాస్టారేమో, నలుగురిలో నిలదీశారు, పసిది బెదిరిపోయింది, అంటారు. ఊరంతా ఆయన మాటే. నేను అడిగేది ఒకటే. ఒకరు దాని కళ్ళు మూశారు, ఒకరు నీ బొమ్మేనా అని అడిగారు. బెదిరింది రెండో దానికా?

ఇంత వాదించేదాన్ని, ఆ మధ్యాహ్నం ఫోన్ తీసి ఒక్క ఫొటో తియ్యలేదు. కప్పేసిన మాస్టారు కాక ఆ కళ్ళు చూసింది నేనొక్కదాన్నే, చూసినంతా గుడ్డ కోసం పరిగెత్తే లోపల. బొమ్మ తెచ్చిస్తే పై రంగు తీసి చూద్దామని మార్కెట్లో వాళ్ళమ్మను అడిగాను. పోస్టర్ కలర్ కదా, తడిపితే పై తెలుపుతో పాటు కింది కళ్ళూ కరిగిపోతాయని అడుగుతున్నప్పుడే తెలుసు. ఆమె నన్ను వింతగా చూసింది. ఫ్రేము కట్టించి పూజ గదిలో పెట్టుకున్నారట. రోజూ దీపం పెడుతున్నారట.

ఇప్పుడు అది పెద్దదయింది. బస్టాండు దగ్గర ఒకసారి కాలేజీ బ్యాగుతో కనబడింది. నమస్తే చెప్పి నవ్వింది. అడుగుదామని నోటిదాకా వచ్చింది. చుట్టూ దాని స్నేహితులున్నారు. మళ్ళీ నలుగురిలోనే. నాలాంటి దానికి కూడా నోరు రాలేదు.

‘ఇట్లే బాగుండాది’ అన్న ఆ మాట మాస్టారి పరువు కాపాడటానికి అందా, నా నోరు మూయించడానికి అందా? లేక పదిమంది దండాలు చూశాక, కళ్ళు వెయ్యడమే తను చేసిన తప్పని నిజంగానే అనుకుందా?