పత్తి గోదాము కింద పెద్దలు

1932, అరవ లెక్కన ఆవణి నెల, అంటే శ్రావణ భాద్రపదాల రోజులు. అరవదేశంలోని కోవిల్‌పట్టి రైలు స్టేషనుకూ బజారుకూ నడుమ, ఒకపక్క జిన్నింగ్ ఫ్యాక్టరీ, మరోపక్క మిరపకాయల మండీ ఉన్న స్థలంలో పత్తి గోదాము కట్టే పని నాకు వచ్చింది. మాది విరుదునగర్. కొన్నాళ్ళు ఓవర్సీరుగా చేసి, తరువాత సొంతంగా కాంట్రాక్టులు పట్టాను. స్థలం గురువమ్మగారిది. భర్త పోయాక పొలాలనూ పత్తి వ్యాపారాన్నీ ఒంటిచేత్తో నడుపుతున్న మనిషి. మాలాగే వాళ్ళకూ ఇంట్లో తెలుగు, గడప దాటితే అరవం.

మా నల్లరేగడి వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలు విచ్చుతుంది. దాని మీద నేరుగా గోడ లేపితే ఏడాది తిరక్కుండానే పగులుతుంది. అందుకని గట్టినేల తగిలేదాకా ఫౌండేషన్ ట్రెంచ్, అంటే పునాది కందకం, తవ్వాలి. రెండు నెలల్లో వచ్చే ఐప్పసి మాసపు వానలు దిగేలోగా దాన్ని కట్టి పూడ్చకపోతే ఒడ్డులు కూలి అంతా బురదపాలు. గోదాము లేకపోతే ఆ ఏడు పంట దాచుకోవడానికి గురువమ్మగారికి వేరే చోటు లేదు.

నడుము లోతు దాటగానే మేస్త్రీ మాడసామి పార ఆపాడు. మట్టిలో ఎర్రటి బాన మూతి, దాని మీద రాతి పలక. పలక కాస్త జరిపితే లోపల ఎముకలు, నల్లగా మెరిసే చిన్న గిన్నెలు. పక్కన మరో బాన, దాని పక్కన ఇంకొకటి. పోయినవాళ్ళను బానల్లో పెట్టి పూడ్చిన కాలం నాటివి. మనిషి కూర్చుంటే పట్టేంత బాన, అయినా అంచు మందం ఎక్కడా మారలేదు. ఇంత మట్టి పైనుండగా ఒక్క చీలిక లేదు. కట్టడాలు కట్టి బతికేవాణ్ణి కదా, నాకు నిజంగానే అసూయ పుట్టింది.

కబురు అందిన గురువమ్మగారు వచ్చి, చెప్పులు గట్టు మీదే విడిచి కిందికి చూశారు.

"మన పెద్దోండ్లు నాయనా. తెలుగు సీమనుంచి ఎద్దుల మింద వచ్చినోండ్లు ఈడనే పండుకోనుండారు. పని నిలుపు" అన్నారు.

పని ఆగింది. కూలీలకు ముందే భయం, ఇక గుంతలోకి దిగమంటే దిగరు. మబ్బు కనిపించినప్పుడల్లా ఐప్పసికి ఇంకా ఎన్ని రోజులున్నాయో లెక్కపెట్టుకునేవాణ్ణి. నిజం చెబితే చిక్కు విడిపోతుందని మరునాడు గురువమ్మగారి ఇంటికి వెళ్ళాను.

"అమ్మా, ఆ బానల్లో ఉండేవాండ్లు మనోండ్లు కాదు. మనము ఈ సీమకి వచ్చేదానికి ఎన్నో తరాల ముందే ఈడ ఉండినోండ్లు. వాండ్లకీ మనకీ ఏం సంబంధము లేదు" అన్నాను.

"అట్లయితే ఈ నేల వాండ్ల ఇల్లు, దీనికి మనము కోడలి లెక్క" అన్నారామె. "నేను కోడలుగా వస్తిని. మరునాడే కొత్తకుండలో పొంగలి వండి ఇంటి పెద్దోండ్లకి పెట్టమనె మా అత్త. వాండ్లు నా పుట్టింటోండ్లా? ఈడ ముందే ఉండినోండ్లని తవ్వి పారేసి గోడ కట్టమని చెప్పేదానికి నాకు నోరు రాదు. కదిలించకుండ కడతావా, కట్టు. లేదంటే పూడ్చేసి పో."

పంట వానపాలైనా సరే అని అంత నెమ్మదిగా చెప్పిన ఆసామిని నేను అంతకుముందు చూడలేదు. ఒళ్ళు మండింది, ఆ మండే ఒంటితోనే దణ్ణం పెట్టాలనిపించింది.

దారిలో రైలు వంతెన చూశాక ఉపాయం తట్టింది. కందకం ఆసాంతం తవ్వనక్కరలేదు. పియర్ అండ్ ఆర్చ్ అని ఒక పద్ధతి ఉంది. బానలు లేనిచోట మాత్రమే గుంతలు తీసి రాతి స్తంభాలు లేపుతాం. స్తంభానికీ స్తంభానికీ నడుమ ఆర్చి, అంటే రాతి కమాను, తిప్పి దాని మీద గోడ కడతాం. బరువంతా స్తంభాల మీదికి పోతుంది, ఆర్చి కింద ఉన్నవాళ్ళకు గోడ ఉన్నట్టే తెలియదు.

కూలీలు అప్పటికీ దిగలేదు. గురువమ్మగారే చీర దోపుకుని దిగి, జరిగిన పలకను మాడసామి సాయంతో సర్ది, గుప్పెడు మన్ను వేశారు. ఆ తరువాత ఒక్కొక్కరే దిగారు. తూర్పు మూల సరిగ్గా స్తంభం రావలసిన చోటే ఒక బాన అడ్డం పడింది. గోదాము ఆ మూల కురచ చేయాల్సి వస్తుందని భయపడుతూనే చెప్పాను.

"చెయ్యి నాయనా. కోడలే సర్దుకోవాల గదా" అన్నారు.

చివరి ఆర్చి మీద మన్ను కప్పుతుండగా వాన మొదలైంది. గోడలు ఆ తరువాత తీరిగ్గా లేచాయి.

వానలు పోయి పత్తి విచ్చిన మాసి నెలలో తొలి పత్తి బండి వచ్చిన రోజున ఆమె గోదాము ముందు కొత్తకుండలో పొంగలి వండారు. ఆకులో వడ్డించి నేల మీద పెట్టి, నన్ను పిలిచారు. "కట్టినోడివి నువ్వు. మనము వచ్చినామని వాండ్లకి నువ్వే చెప్పు."

మండీ జనం చూస్తున్నారు. సిగ్గు పడుతూనే నేలకేసి చూస్తూ, మేం వచ్చామనీ, మిమ్మల్ని కదిలించలేదనీ తెలుగులో చెప్పాను.

"తెలుగులో చెప్తే వాండ్లకి ఏం తెలుస్తాది? అరవంలో చెప్పు" అన్నారామె.

నవ్వు రాలేదు. చేతులు జోడించి మొదటినుంచీ అరవంలో చెప్పాను. కాగితం మీద ఖాళీ స్థలమని రాసున్నా అది ఎవరో ఒకరి ఇల్లేనని ఆమె దగ్గర నేర్చుకున్నాను. తరువాత ఎక్కడ పని మొదలుపెట్టినా, పార దిగే ముందు ఆ రెండు మాటలూ చెప్పుకున్నాను, అరవంలోనే.