బోర్లించిన అమ్మవారు, సంతకం పెట్టని రిపీటరు

ఆళ్లగడ్డలో మా నాయన శిల్పి. నేను నంద్యాలలో చదివి, సముద్రం అడుగున వేసే కేబుళ్ల రిపీటర్లను పరీక్షించే ఉద్యోగంలో చేరాను. సెలవుకు ఇంటికొచ్చినప్పుడే ఆ ఉద్యోగం సంగతి తేలిపోయింది.

కేబుల్లో వెలుతురు దూరం పోయేకొద్దీ నీరసిస్తుంది. దారిలో ఉండే రిపీటరు దానికి మళ్లీ బలమిస్తుంది. నడిసముద్రంలో కరెంటు స్తంభాలుండవు కదా! ఒడ్డు నుంచే, అదే కేబుల్లోని రాగి గొట్టం గుండా వేల వోల్టులతో కరెంటు తోస్తారు. రెండు ఒడ్ల నుంచీ తోస్తారు, ఒకటి ఆగినా రెండోది మొత్తం మోస్తుంది. రిపీటరు లోపల ఆ బలమిచ్చే లేజర్లకూ జతలుంటాయి. ఎందుకంటే, మునిగాక బాగుచేయాలంటే ఓడ వెళ్లి కేబుల్‌ను పైకి లాగాల్సిందే.

నేను సెలవుకు బయల్దేరే ముందు, ఒక రిపీటరు వేడి పరీక్షలో దాని లేజర్ ఒకటి కాస్త డీలా పడింది. నేను ఒప్పుకోలు సంతకం పెట్టలేదు. మేనేజరు ఫోన్ చేశాడు.

"హద్దు దాటలేదు కదా మేడమ్! పైగా జత లేజర్ ఉంది. అవతల ఓడ కాచుకొని ఉంది."

ఒళ్లు మండింది. "జత ఉన్నది సముద్రంలో వచ్చే కష్టానికి సార్, మన తప్పు కప్పుకోవడానికి కాదు."

"సాయంత్రంలోగా ఆన్‌లైన్‌లో సంతకం పెట్టకపోతే ఇక రావద్దు."

పక్కనే రాయి చెక్కుతున్న నాయన అంతా విన్నాడు. "పెట్టేయ్ పాపా. ఉత్తపుణ్యానికి ఉద్యోగం పోగొట్టుకుంటావా?"

నాయన నోట ఆ మాటా! షెడ్డు మూలకు చెయ్యి చూపించాను. అక్కడ ఒక అమ్మవారి విగ్రహం బోర్లా పడి ఉంది. చెక్కడమంతా అయ్యాక సుత్తితో తట్టి చూస్తే, గంటలా మోగాల్సిన రాయి భుజం దగ్గర ఓటికుండలా పలికింది. లోపల పగులు. రాతిపొడి, జిగురు పెట్టి నునుపు చేస్తే ఎవరికీ తెలిసేది కాదు. నాయన అమ్మలేదు.

"మరి ఆ యమ్మను యాల బోర్లేసినావు నాయనా? జిగురు లేకనా?"

"అది దేవుడమ్మే! దానికి మొక్కుతారు."

"దీన్ని నమ్ముతారు. కువైట్ నుంచి అత్త రోజూ మాట్లాడేది ఇట్లాంటి కేబుల్లోనే."

నాయన ఒకసారి ఆ విగ్రహం వైపు చూసి, మళ్లీ సుత్తి అందుకున్నాడు.

సాయంత్రానికి ఉద్యోగం ఊడింది. ఏడుపొచ్చింది, ఏడ్చాను. అయినా చెబుతున్నాను, మళ్లీ అడిగినా పెట్టను.

మర్నాడు కొత్త విగ్రహం చేయించుకోవడానికి వచ్చిన ఒకాయన, "మీ పాప ఉద్యోగం పోయిందంట కదన్నా?" అన్నాడు.

నాయన ఉలి మీంచి తల ఎత్తలేదు.

"పోలేదప్పా. మా పాపే పారేసింది."