బిరడాల పిల్ల

వయొలిన్ శ్రుతి చేయడం మొదలుపెడితే చెల్లెలికి ఇక లోకంతో పని లేదు. వాయించే సమయం ఒక ఎత్తు, శ్రుతి చేసే సమయం ఒక ఎత్తు. ఆన్‌లైన్‌లో ఆమె కోసం కాచుకుని కూర్చునే లక్షమంది ఆమెకు పెట్టిన ముద్దుపేరు బిరడాల పిల్ల. తీగలు బిగించే ఆ బిరడాల మీద ఉన్న శ్రద్ధ తమ మీద లేదని వాళ్ల ఫిర్యాదు. "శ్రుతి మొదలెట్టినప్పుడు మా పాప పాలు తాగేది, ఇప్పుడు బడికెళ్తోంది" అని ఒకావిడ రాసింది కూడా.

కెమెరా పట్టేది అన్న. పుట్టుకతోనే దిగులు మనిషి. ఎండ కాస్తే వానొస్తుందని, వానొస్తే హాలు కారుతుందని ఏడ్చే రకం. చూసేవాళ్ల సంఖ్య తెర మూలన తగ్గుతూంటే అతని ప్రాణం దాంతోపాటే దిగజారిపోయేది.

"ఇంట్లో చిటికెలో చేస్తావు కదే. స్టేజీ ఎక్కితే ఏమొస్తుంది నీకు?"

"తీగలకి చలి అన్నయ్యా."

"నిన్న ఎండ కాసిందిగా."

"అయితే ఉక్కపోత."

ఆమె పక్కన పియానో వాయించేది మాస్టారు. చిన్నప్పుడు ఆమెకు సంగీతం నేర్పింది ఆయనే. ఇప్పుడు ఆయన్ని పిలిచేవాళ్లు ఇంకెవరూ లేరు. చెల్లెలు మాత్రం ఆయన లేనిదే స్టేజీ ఎక్కదు. "మాస్టారూ, ఆ స్వరం ఇంకోసారి" అంటుంది. ఆయన పియానో మెట్టు నొక్కుతాడు. "ఇంకోసారి" అంటుంది. ఆయన మళ్లీ నొక్కుతాడు. అన్న తల పట్టుకుంటాడు.

ఆ రోజు పొద్దుట్నుంచీ ముసురు. కుర్చీలు సగం ఖాళీ. కారే చోట ఒక బకెట్టు. అన్న అనుకున్నట్టే అన్నీ జరుగుతున్నాయి. గోరుచుట్టు మీద రోకటిపోటులా హాలు మేనేజరు వచ్చాడు. వాళ్లని పిలిచే హాలు అదొక్కటే.

"పెళ్లికెళ్తూ పిల్లిని చంకనెట్టుకున్నట్టు ఆ పెద్దాయన్నెందుకయ్యా తెస్తారు? ఇవాళ కూడా శ్రుతంటూ సాగదీస్తే ఆయన్ని దింపి మా పియానో కుర్రాణ్ణి ఎక్కిస్తా. వచ్చే నెల నుంచి మీకు ఈ హాలు కూడా ఉండదు."

లైవు మొదలైంది. "మాస్టారూ, ఆ స్వరం ఒక్కసారి" అంది చెల్లెలు.

అయిపోయాం అనుకున్నాడు అన్న. అంత మొండికేసే బిరడా ఏదో చూద్దామని కెమెరాను దగ్గరికి తెచ్చాడు. బిరడా తిరగడం లేదు. చెల్లెలి వేళ్లు ఊరికే దాని మీద ఆని ఉన్నాయి. ఆమె చూపు మాస్టారి చేతుల మీద ఉంది. చలికి ఆ వేళ్లు కొంకర్లు పోయి, ఒక మెట్టు నొక్కబోతే పక్కది మోగుతోంది.

"ఇంకోసారి మాస్టారూ. దాని పక్కది కూడా. ఇప్పుడు రెండూ కలిపి."

ఒక్కో వేలూ నెమ్మదిగా సడలి సరైన మెట్టు మీద పడుతోంది. ఇన్నాళ్లూ తను తిట్టిపోసింది ఈ శ్రుతినా అనుకున్నాడు అన్న. ఈలోగా ముందు వరసలోంచి మేనేజరు కుర్రాణ్ణి వెంటబెట్టుకుని లేచాడు. అన్న వంగి లైవు వైరు పీకేశాడు.

"నెట్టు పోయింది సార్. కాసేపు ఎవరూ స్టేజీ ఎక్కకండి, వైర్లన్నీ అక్కడే ఉన్నాయి."

మేనేజరు నిట్టూర్చి కూలబడ్డాడు. చూసేవాళ్ల సంఖ్య సున్నా అయింది. ఆ సున్నా వంక చూసి కూడా అన్న ఏడవలేదు.

చెల్లెలు వాయించడానికి కమాను ఎత్తాకే వైరు మళ్లీ పెట్టాడు. వాయించింది కూడా దిగులు పాటే, కానీ పాటంతా మాస్టారి వేళ్లు ఎక్కడా తడబడలేదు. మేనేజరు కుర్రాణ్ణి మరిచిపోయి కళ్లు మూసుకుని విన్నాడు. "వచ్చే నెలా మీరే రండి. ఆ నెట్టు సంగతి మాత్రం చూసుకోండి" అని గొణిగి వెళ్లాడు.

అన్న భుజం ఆసరాతో మెట్లు దిగుతూ మాస్టారు గొంతు తగ్గించాడు.

"ఒక మాట బాబూ. చెల్లెలితో అనకు, చిన్నబుచ్చుకుంటుంది. చెయ్యి బంగారం కానీ, చెవి ఇంకా కుదరలేదు. ఒక్క స్వరం పట్టుకోడానికి ఎన్నిసార్లు కొట్టించిందో చూశావుగా. వేరేవాళ్లయితే కసురుకోరూ? అందుకే ఒంట్లో బాగాలేకపోయినా నేనే వస్తున్నాను."

"మీరు లేకపోతే దాని గతేంటి మాస్టారూ" అన్నాడు అన్న.

"అదే నా బెంగానూ" అని మాస్టారు నిట్టూర్చాడు. వెనక వస్తున్న చెల్లెలు బుద్ధిగా తల దించుకుంది.