వేణ్ణీళ్ళ సాక్ష్యం

నజరేతులో ఎవరైనా ముఫీదా టీచర్‌తో "బయట వాన పడుతోంది" అంటే, ఆవిడ మొదట అడిగే మాట "ఎవరు చూశారు?" చెప్పినవాడి గొడుగు నుంచి నీళ్ళు కారి గుమ్మం తడుస్తున్నా సరే, కిటికీలోంచి చెయ్యి చాపి, తడిసిన చేతిని వెనక్కి తీసుకుని, పక్కింటావిడ చేత కూడా ఒకసారి చెయ్యి పెట్టించి, అప్పుడు "అవును, వానే" అని ఒప్పుకునేది. ఆధారం లేకుండా ఆవిడ దేన్నీ నమ్మదు. ముప్పై ఎనిమిదేళ్ళు బడిలో చరిత్ర చెప్పి రిటైరయింది. పిల్లలు వదిలిపోయారు గానీ ప్రశ్నలు మాత్రం వదల్లేదు.

బజారులో బెండకాయల జబ్రాన్ ఆవిణ్ణి చూస్తే చాలు, తట్ట మీద గోనె కప్పేవాడు. ఒకసారి కప్పేలోపలే దొరికిపోయాడు.

"ఇవాళ పొద్దున కోసినవి టీచర్!"

"ఎవరు చూశారు?"

"నేనే కోశాను."

"నువ్వు అమ్మేవాడివి. నీ మాట చెల్లదు. ఇంకెవరు?"

ఎదురు కొట్టువాడికీ జబ్రాన్‌కీ పదేళ్ళుగా మాటల్లేవు. వాడు అక్కణ్ణుంచే అరిచాడు. "అవి నిన్నటివి! వాడి మొహానికి ఇవాళ్టి బెండకాయలు కూడానా!"

ముఫీదా టీచర్ మొహం వెలిగిపోయింది. "గిట్టనివాడే నిన్నటివంటున్నాడంటే, మొన్నటివి మాత్రం కావు. రెండు కిలోలు తూయి."

పాదిరీని అక్కడ అబూనా అంటారు. గుడికి కొత్తగా వచ్చిన అబూనా బిషారాకి ఈ సంగతులేవీ తెలియవు. ముప్పై నాలుగేళ్ళవాడు, మంచి గొంతు, నున్నగా దువ్విన గడ్డం. మొదటి ఆదివారం ప్రసంగంలో కళ్ళు మూసుకుని, "ప్రియులారా, మన ప్రభువు చిన్నతనంలో ఈ వీధుల్లోనే ఆడుకున్నాడు" అన్నాడు. కళ్ళు తెరిచేసరికి చివరి బల్ల దగ్గర ఒక చెయ్యి లేచి ఉంది.

"ఏ వీధి అబూనా?"

"అంటే... ఈ వీధులే అమ్మా."

"ఇవి తుర్కుల కాలంలో వేసినవి. మూలమీది రాయి మీద సంవత్సరం చెక్కి ఉంది. ఆయన ఆడుకున్న వీధి దీని కింద ఎక్కడో ఉండాలి. 'ఈ వీధుల కింద' అని దిద్దుకుంటే సరిపోతుంది."

ఆ సాయంత్రం అబూనా ఇంట్లో అన్నం ముందు కూర్చుని మెతుకు ముట్టలేదు. ఆయన భార్య నవ్వు ఆపుకుంటూ చెప్పింది. "ఆవిడ ప్రతి పాదిరీనీ ఇలాగే పరీక్షిస్తుందట. ముందాయన నల్లటి జుట్టుతో వచ్చి, తెల్లటి జుట్టుతో వెళ్ళాడట."

"ఎవరు చెప్పారు?" అన్నాడు అబూనా. అన్నాక నాలిక కరుచుకున్నాడు. జబ్బు తనకీ అంటుకుంది.

గురువారం సాయంత్రాలు గుడి పక్క గదిలో పెద్దవాళ్ళు కొందరు చేరి గ్రంథం చదువుకునేవారు. అక్కడ ముఫీదా టీచర్ అసలు ప్రశ్న వేసింది.

"ప్రభువు ఈ భూమ్మీద నిజంగా ఉన్నాడనడానికి ఆధారమేమిటి అబూనా?"

అబూనా తాగుతున్న టీ గొంతుకి అడ్డంపడింది. "అదేమిటి టీచర్! సువార్తలున్నాయి కదా!"

"రాసిందెవరు?"

"శిష్యులూ, వాళ్ళ మనుషులూ."

"అంటే మనవాళ్ళు. మనవాళ్ళ మాట పెళ్ళికూతురి గురించి వాళ్ళమ్మ చెప్పే మాటలాంటిది. అబద్ధమనను. రెండో సాక్షి కావాలంటాను."

"అయితే ఆయన లేడంటారా?" అన్నాడు అబూనా.

"లేడని ఎప్పుడన్నాను? ఉన్నాడు. ఎలా తెలుసని అడగరేం?" ఆవిడ కుర్చీ ముందుకి లాక్కుంది. "రోములో ఒక పెద్దమనిషి చరిత్ర రాశాడు. మనవాళ్ళంటే ఆయనకి పరమ అసహ్యం. ఇదొక పాడు రోగం అని తిట్టాడు. ఆ తిట్ల మధ్యలో, వీళ్ళ నాయకుణ్ణి మా గవర్నరు చంపించాడని కూడా రాశాడు. మన మొహం చూస్తే వాంతి చేసుకునేవాడు మనకోసం అబద్ధమెందుకు ఆడతాడు? ఇంకొకాయన యూదుల చరిత్రకారుడు. ఎవరినో రాళ్ళతో కొట్టి చంపిన సంగతి రాస్తూ, చచ్చినవాడు మన ప్రభువుకి తమ్ముడని మాటవరసకి అనేసి ముందుకెళ్ళిపోయాడు. లేని మనిషికి తమ్ముడుంటాడా?"

"తమ్ముడు కాదమ్మా, దగ్గరి బంధువని మన పెద్దలు..."

"సరే, బంధువే. లేని మనిషికి బంధువులుంటారా?"

అబూనాకి తెలియకుండానే ఆయన కుర్చీ కూడా ముందుకి జరిగింది. "ఆ యూదు చరిత్రకారుడు ఇంకోచోట ప్రభువుని పొగిడాడు కదా టీచర్? సెమినరీలో చదివాను."

అంతే. ఆవిడ బల్లని గట్టిగా చరిచింది, కప్పులు ఎగిరాయి. "అదే నా కడుపుమంట! ఆయన ఏదో రాశాడు, నిజమే. దాన్ని నకలు తీసిన మన భక్తులు ఊరుకోక పొగడ్తలు కలిపేశారు. బంగారంలాంటి సాక్ష్యం, దిద్ది దిద్ది ఇత్తడి చేశారు! పరాయివాడి మాటని పరాయివాడి మాటలా ఉంచాలి అబూనా. తిడితే తిట్టనివ్వాలి."

"ఇంకా ఏమైనా ఉందా?"

"ఉంది. అన్నిటికంటే గట్టిది మన ఊరే. కల్పించేవాడైతే రాజుల ఊరు కల్పిస్తాడు. అప్పట్లో యాభై కొంపలుండే నజరేతు ఎందుకు పెడతాడు? ఎవడికీ తెలియని ఊరు, చెప్పుకోవడానికి నామోషీ. అయినా పెట్టారంటే, ఆయన నిజంగా ఇక్కడివాడు, దాచడానికి వీల్లేకపోయింది!"

ఆ రాత్రి అబూనా చాలాసేపు నిద్రపోలేదు. కోపంతో కాదు. ఇంకా అడగాల్సినవి గుర్తొస్తుంటే.

ఈలోగా ఒక పెళ్ళి వచ్చిపడింది.

పెళ్ళికూతురు హన్నెకి అరవై ఎనిమిదేళ్ళు. చనిపోయిన అక్క పిల్లల్ని పెంచడంలో పెళ్ళి సంగతే మరిచిపోయింది. పెళ్ళికొడుకు తౌఫీక్ కత్తులు సానపట్టేవాడు, భార్య పోయి ఆరేళ్ళు. వారానికోసారి హన్నె వంటింటి కత్తికి సానపట్టడానికి వచ్చేవాడు. ఆ కత్తి అరిగి అరిగి పుల్లలా తయారయ్యాక ఊరందరికీ విషయం అర్థమైంది.

"బాప్తిస్మం కాగితం కావాలి హన్నెమ్మా" అన్నాడు అబూనా.

"నేనెక్కణ్ణుంచి తేను నాయనా? నా చిన్నప్పుడే మా పల్లె యుద్ధంలో పోయింది. గుడి పోయింది, గుళ్ళో పుస్తకం పోయింది. ఇప్పుడక్కడ పైన్ చెట్లున్నాయి. చెట్లనడగనా?"

అబూనా బిషప్పుగారికి రాశాడు. జవాబొచ్చింది: పుస్తకం లేనప్పుడు, బాప్తిస్మాన్ని కళ్ళారా చూసిన సాక్షి ఒకరు చాలు. కానీ ఆ సాక్షి బంధువు కాకూడదు, ఈ పెళ్ళివల్ల లాభపడేవారు కాకూడదు.

అరవై ఎనిమిదేళ్ళ కిందటి సంగతి చూసినవాళ్ళు ఎవరుంటారు? అబూనా దిగులుగా ముఫీదా టీచర్ దగ్గరికి వెళ్ళాడు. ఆధారం లేదు, పెళ్ళీ లేదు అంటుందనే అనుకున్నాడు. ఆవిడ కళ్ళజోడు పైకి తోసుకుని, "కాగితం పోతే మనిషి పోతుందా? సాక్షి ఉంది. నజ్లా" అంది.

హన్నె పల్లెకే చెందిన నజ్లాకి డెబ్భై ఏడేళ్ళు. హన్నె వస్తుంటే వీధి మారిపోతుంది. హన్నె కూర్చున్న బల్ల మీద కూర్చోదు. అయినా ఆయన వెళ్ళి తలుపు తట్టాడు.

"హన్నె బాప్తిస్మం మీరు చూశారట కదా నజ్లమ్మా?"

"గుర్తులేదు. అది పెళ్ళి చేసుకుంటోందని మాత్రం గుర్తుంది. నేను బతికుండగా కానివ్వను."

తలుపు ఆయన గడ్డానికి వెంట్రుకవాసి దూరంలో మూసుకుంది.

మర్నాడు ముఫీదా టీచర్ ఆయన్ని వెంటబెట్టుకుని మళ్ళీ వెళ్ళింది. తమ పాత టీచరంటే నజ్లా మనవళ్ళకి భయం కాబట్టి తలుపు తెరిచారు. కాఫీ వచ్చింది. ఆవిడ తీరిగ్గా తాగి అంది.

"నజ్లా, హన్నెకి బాప్తిస్మం అయిందనడానికి ఎక్కడా ఆధారం లేదట. అబూనాగారే అన్నారు."

"నాకేం?"

"నీకే మరి. ఇన్నేళ్ళుగా ఊరంతా చెప్పుకొస్తున్నావే వేణ్ణీళ్ళ గొడవ, అది కొట్టుకుపోయినట్టే. బాప్తిస్మమే లేకపోతే వేణ్ణీళ్ళెక్కడివి? నజ్లా కట్టుకథ చెప్పిందని అనుకుంటారు జనం."

నజ్లా కాఫీ గిన్నె ఠపీమని కింద పెట్టింది. "కట్టుకథా! నాదా! రాసుకో టీచర్! చలికాలం. నాకు తొమ్మిదేళ్ళు. మా తమ్ముడు జురైస్ బాప్తిస్మానికని మా అమ్మ రాగి బిందెలో నీళ్ళు కాచింది. నేనే మోసుకెళ్ళాను. గుడి మెట్ల మీద తొణికి చెయ్యి కాలింది. ఇదిగో మచ్చ!"

ముఫీదా టీచర్ ఆ ముడతలుపడ్డ చేతిని ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో కళ్ళజోడు సర్దుకుని, మచ్చని వేళ్ళతో కొలిచింది. "ఊఁ, తర్వాత?"

"తర్వాతేముంది! ఆ దొంగమొహంది, హన్నె తల్లి, మమ్మల్ని తోసుకుని ముందుకొచ్చింది. మా నీళ్ళలో దాని కూతుర్ని ముంచారు. ఒకసారి కాదు, మూడుసార్లు! పాదిరీ దాన్ని పైకెత్తి పేరు పెట్టి మరీ పిలిచాడు. మావాడి వంతొచ్చేసరికి నీళ్ళు మంచుగడ్డ. ఆ రోజు పట్టిన దగ్గు వాణ్ణి ఈ రోజుకీ వదల్లేదు!"

"మూడుసార్లని లెక్కపెట్టావా?"

"పెట్టకేం! ఒక్కో ముంపుకీ నా ప్రాణం పోయింది!"

అబూనా వాంగ్మూలం రాస్తూ 'దొంగమొహంది' దగ్గర కలం ఆపాడు. "టీచర్, బిషప్పుగారికి వెళ్ళేది. ఈ మాట తీసేసి 'హన్నె మాతృమూర్తి' అని..."

"ముట్టుకున్నారో, చూడండి!" ఆవిడ కాగితం లాక్కుంది. "ఆ మాటే ప్రాణం. నకలు తీసే భక్తుడి బుద్ధి మీకింకా పోలేదు!"

నజ్లా సువార్త మీద చెయ్యి వేసి ప్రమాణం చేసి, వేలిముద్ర వేసింది. వేశాక అనుమానమొచ్చింది. "ఇంతకీ దీనివల్ల దాని పెళ్ళి ఆగుతుందా, అవుతుందా?"

"అవుతుంది" అంది టీచర్, నిజం తప్ప చెప్పలేని మనిషి కాబట్టి.

"కథ మాత్రం నిజమని అందరికీ తెలుస్తుందా?" అంది నజ్లా.

"బిషప్పుగారి దస్త్రంలోనే ఉంటుంది."

"అయితే చావనీ."

మూడు వారాలకి అనుమతి వచ్చింది. 'సాక్షికి వధువుపట్ల ఎలాంటి అభిమానమూ లేదని మాకు సంపూర్ణంగా రుజువైంది' అని బిషప్పుగారు స్వయంగా రాశారు. ఈస్టరు తర్వాతి ఆదివారం హన్నె తెల్ల బట్టలు కట్టుకుని తౌఫీక్ పక్కన నిలబడింది. నజ్లా ఆఖరి బల్ల మీద కూర్చుని మొదటినుంచి చివరిదాకా మొహం మాడ్చుకుని చూసింది. మధ్యలో లేచి మాత్రం వెళ్ళలేదు.

పెళ్ళయిన నాలుగో రోజు అబూనా కృతజ్ఞత చెప్పడానికి ముఫీదా టీచర్ ఇంటికి వెళ్ళాడు. ఆవిడ ఇంటి లోపలి గదిలోకి అడుగుపెట్టడం అదే మొదలు. గోడ పొడుగునా నోటుపుస్తకాలు. ఒకటి తీసి చూశాడు. పేరు, తల్లి పేరు, ఊరు, ఎవరు చూశారు, ఇంకెవరు చూశారు. పేజీ తర్వాత పేజీ. హన్నె పేరున్న పేజీ పదకొండేళ్ళ కిందట రాసింది.

"ఇవన్నీ ఏమిటి టీచర్?"

ఆవిడ మొదటిసారి తడబడింది. "యుద్ధమైన ఏడాదే నేను ఉద్యోగంలో చేరాను. పల్లెలనుంచి పిల్లలు కాళ్ళకి చెప్పుల్లేకుండా వచ్చారు. కాగితాల్లేవని హెడ్మాస్టరు గేటు దగ్గరే ఆపేశాడు. నేను గేటు దగ్గర కుర్చీ వేసుకుని ఒక్కొక్కణ్ణీ అడిగాను. నువ్వు పుట్టినప్పుడు ఎవరు చూశారు? మీ ఇల్లు ఎక్కడుండేది? ఇంకెవరికి తెలుసు? ఇద్దరు సాక్షుల్ని రాసి చూపిస్తే ఆయన కాదనలేకపోయాడు. నలభై ముగ్గురు చేరారు. తర్వాత వాళ్ళ అమ్మలొచ్చారు, అమ్మమ్మలొచ్చారు. అప్పణ్ణుంచి అడగడం మానలేకపోయాను."

"ఊళ్ళో అందరూ మీరు ఎవర్నీ నమ్మరనుకుంటున్నారు."

"అనుకోనీండి. నమ్మేసి 'అలాగా' అని వెళ్ళిపోతే ఎవరి కథా పూర్తిగా వినం కదా అబూనా."

అబూనా ఏదో అనబోతుండగా మెట్ల మీద దగ్గు వినిపించింది. పాత తలుపు కీచుమన్నట్టు, పొడిగా, ఆగకుండా. తలుపు తోసుకుని నజ్లా వచ్చింది. వెనకాల ఒక బక్కపలచటి ముసలాయన.

"వీడే జురైస్" అంది నజ్లా, ఎవరి మొహమూ చూడకుండా. "వీడి పేరు కూడా రాయి టీచర్. ఆ రోజు వీడికీ బాప్తిస్మం అయింది. దాన్ని గురించే రాశారు, వీడి గురించి ఒక్క ముక్క లేదు."

ముఫీదా టీచర్ కొత్త పేజీ తీసింది. "నువ్వు అక్కవి నజ్లా. బయటి సాక్షి ఎవరు?"

నజ్లా గుమ్మంలోంచి మెట్ల వైపు తిరిగి, గొంతు పెంచి అంది. "రావే, అక్కడే నిలబడ్డావేం! వీడి దగ్గు చిన్నప్పటినుంచీ విన్నానని వచ్చి చెప్పు!"

కొత్త పెళ్ళికూతురు హన్నె తలగుడ్డ కొంగుతో చెమట తుడుచుకుంటూ పైకొచ్చింది. "విన్నాను, వినకేం. మా గోడ అవతలే కదా. రాత్రిళ్ళు మా అమ్మ తేనె కలిపి పంపేది, మీ అమ్మ పారబోసేది."

"పారబోయలేదు! నేను తాగాను!" అంది నజ్లా.

గదిలో ఉన్నవి రెండే కుర్చీలు. అబూనా బిషారా లేచి తన కుర్చీ హన్నెకిచ్చి, జురైస్‌ని మంచం మీద కూర్చోబెట్టి, తేనె ఎక్కడుందో వెతకడానికి వంటింట్లోకి వెళ్ళాడు.