నారపల్లి రాకాసి గుళ్లు

ఐర్లాండు పొలాల్లో గుండ్రటి పాత మట్టికోటలున్నాయట. దయ్యాల భయంతో రైతులు వాటిని దున్నలేదట, ఇప్పుడు చట్టం కాపాడుతోందట. పేపర్లో చదివినా నమ్మలేదు. నాచారం ఫ్యాక్టరీలో నాతో పనిచేసే ఫిట్టరేమో, "నారపల్లి కాడ గసొంటియే ఉన్నయన్నా, రాకాసి గుళ్లు. రాళ్లు గుండ్రంగ పాతిండ్రు. మొన్న ముట్టినోడు రక్తం కక్కిండట" అన్నాడు. అదీ నమ్మలేదు. ఆదివారం బయల్దేరాను.

ఎనిమిదిన్నరకు ఉప్పల్‌లో బస్సెక్కితే కండక్టరు, "ప్లాటు సూడనీకా?" అన్నాడు. తొమ్మిదింబావుకు దిగి, ఇడ్లీ తిని దారి అడిగాను. హోటలాయన తూర్పు చూపించాడు, పాన్‌డబ్బా అతను పడమర. ఎక్కడో తేడా కొట్టింది.

పది దాటాక, సున్నం కొట్టిన ప్లాటు హద్దు కడీల మధ్య దొరికింది. మోకాలెత్తు బండలు, గుండ్రంగా. వేల ఏళ్లనాటి సమాధి అంటారు. కానీ ప్రతి బండకూ తడారని పసుపు, నిమ్మకాయ! పక్కన ఆగిపోయిన జేసీబీ, దాని ముందు నేలమీద ఎర్రటి మరక. ఇవాళ పసుపు, రేపు గుడి, ఎల్లుండి కబ్జా. నాకు తెలియని ఆటలా!

గడ్డి కోస్తున్న ముసలామె లేచింది. "ఏ వెంచరోనివి బిడ్డా?"

"ఏ వెంచర్ గాదు, సూడనీకొచ్చిన."

"అందరు గట్లనే అంటరు."

ఆమె వేళ్లకు పసుపుంది. "కబ్జా జేస్తున్నవా అవ్వా?" అనేశాను.

"థూ! నా రెండెకరాలే అమ్ముకున్న, నాకెందుకు కబ్జా? దీన్ని ముట్టమని వెంచరోళ్లు మాటిచ్చినంకనే ఏలిముద్ర ఏసిన. మొన్న మిషిన్ దెచ్చిండ్రు. సర్కారుకు దరకాస్తు వెట్టిన, ఎవ్వరొస్తలేరు. నా మాట ఇనరు, నిమ్మకాయకు భయపడతరు."

"మరి రక్తం?"

పళ్లులేని నోటితో నవ్వింది. "డ్రైవర్ పాన్ ఉమ్మిండు. నీ నోట్ల రక్తం, రక్తమని నేనే మొత్తుకున్న. మిషిన్ ఇడిసి ఉరికిండు."

సిగ్గేసింది. క్షమించమన్నాను. ఆమె ఇంకా అనుమానంగానే చూసింది.

పన్నెండుంబావు బస్సులో పక్కాయన వెంచర్ కాగితం విప్పాడు. "ఆ రాకాసి గుళ్లు తీసేస్తే మాది కార్నర్ ప్లాటన్నా. మంచిదేనా?"

దయ్యాలను ఏనాడూ నమ్మనివాణ్ని. గొంతు తగ్గించాను. "జర సోంచాయించు. ఆడ ఒకడు రక్తం కక్కిండు."

"నువ్వు సూసినవా?"

"మరక ఈ కండ్లతోని సూసిన."

ఆయన కాగితం మడిచేశాడు. ఐర్లాండు రైతులను ఇప్పుడు నమ్ముతున్నాను. మీరూ వెళితే ఉప్పల్‌లో నాలుగు నిమ్మకాయలు కొనుక్కుని ఎక్కండి. సర్కారు వచ్చేదాకా అవ్వకు పనికొస్తాయి.