తుడవకుండా వదిలిన లెక్క

సహోదరులారా, సహోదరీలారా, మన క్లాండాల్కిన్ హాల్లో ప్రతి ఆదివారం వెనక వరసలో కూర్చుని, ఎవరు సాక్ష్యం చెప్పినా చేతులు కట్టుకుని వినే ముసలివాణ్ణి నేనే, డ్రోహెడా నుంచి వచ్చే యాకోబును. పాస్టరుగారు మూడుసార్లు చెప్పమన్నారు, మూడుసార్లూ మోకాళ్ల నొప్పులని తప్పించుకున్నాను. నిలబడి చెప్పే ధైర్యం లేకే మన సంఘ పత్రికకు రాసి ఇస్తున్నాను. ఇది రోగం తగ్గిన సాక్ష్యం కాదు. యాభై ఏళ్లకు పైగా నా గుండెలో తిష్టవేసిన ఒక కోపం, నాకే తెలియకుండా నా మనవడి మీద పడి వాడి దారి మూసేయబోతే, దేవుడు అడ్డుపడిన సంగతి. మహిమ అంతా ఆయనకే!

పోయిన ఫిబ్రవరి మా ఇంటికి చీకటి నెల. మా అమ్మాయి రూతు ఆసుపత్రిలో నర్సు, అల్లుడుగారికి గిడ్డంగిలో పని, ఇద్దరూ డ్యూటీలకు పోతే పిల్లాడి చదువు నాది. మనవడు జోయెల్‌కు ఆరేళ్లప్పుడు నేను ఇండియా నుంచి ఈ దేశం వచ్చాను, అప్పటినుంచి వాడికి లెక్కలు చెప్పింది నేనే. వాడికిప్పుడు పదిహేడు నిండాయి. చేత్తో పట్టి కాలితో తన్నే ఈ దేశపు ఫుట్‌బాల్, గేలిక్ అంటారు, అది వాడు ఆడుతుంటే ఊళ్లోని అవ్వలు కూడా వానలో గొడుగులు ముడిచి లేచి నిలబడి వాడి పేరు పెట్టి అరుస్తారు! అది చూసి ఒక యూనివర్సిటీ కోచ్ మా వంటింట్లోకే వచ్చి, టీ తాగి, మా జట్టులోకి తీసుకుంటాం, స్కాలర్‌షిప్ మీద సీటిస్తాం, ఒక్కటే షరతు అన్నాడు. మన ఇంటర్ లాంటి ఆఖరి పరీక్ష, లీవింగ్ సర్ట్, అందులో లెక్కలు ఆర్డినరీ పేపరు రాసి పాసవ్వాలి. దాని కింద ఫౌండేషన్ అని ఇంకా తేలిక పేపరు ఒకటుంది, అది రాస్తే పాసైనా వాళ్లకు చెల్లదు.

ఫిబ్రవరిలో బళ్లో నమూనా పరీక్ష పెట్టారు. జోయెల్ లెక్కల్లో తప్పాడు. మామూలుగా తప్పడం కాదు, పేపరు సగం తెల్లగా ఉంది! ఫౌండేషన్‌కు మార్చుకుంటారేమో ఆలోచించండి, ఒకసారి వచ్చి మాట్లాడండి అని లెక్కల టీచరు ఉత్తరం పంపింది.

ఆ ఉత్తరం చదువుతుంటే నాకు ఆ అక్షరాలు కనబడలేదు, మా హెడ్‌మాస్టరు కనబడ్డాడు. నేను పదో తరగతిలో వాలీబాల్ ఆడేవాణ్ణి, జిల్లా జట్టుకు నా పేరు వచ్చింది. ఉదయం ప్రార్థనలో బడంతా వరసల్లో నిలబడి ఉండగా ఆయన పేర్లు చదువుతూ నా పేరు దగ్గర ఆగి, కలం తీసి గీత కొట్టి, "లెక్కల్లో తప్పినోడికి ఆటలేంట్రా, పోయి గేదెల్ని కాసుకో" అన్నాడు. ఐదు వందల మంది నవ్వారు. ఆ నవ్వు నాకు ఇప్పటికీ ఏ వరసలోనుంచి ముందు మొదలైందో గుర్తు! ఆ రోజే బడి మానేశాను. మోటార్లకు తీగ చుట్టే పని నేర్చుకుని, పని అయ్యాక పలక పట్టుకుని లెక్కలు నాకు నేనే నేర్చుకున్నాను, డిక్షనరీ పక్కన పెట్టుకుని ఇంగ్లీషు నేర్చుకున్నాను, ఎవ్వరి ముందూ చెయ్యి చాచలేదు. ఒక్క నియమం పెట్టుకున్నాను, నా తప్పు ఇక ఎవరి కంటా పడకూడదని. లెక్క మొత్తం కుదిరితేనే పలక మీద ఉంచేవాణ్ణి, ఒక్క అంకె అనుమానమొచ్చినా అంతా అరచేత్తో తుడిచేసేవాణ్ణి. జోయెల్‌కూ అదే నేర్పాను. పెన్సిలుతో రాయి, అనుమానముంటే తుడిచెయ్, తప్పు చూపించి ఎవడి చేతా మాటపడకు అని. ఇండియా నుంచి రబ్బర్లు డబ్బాల్లో తెప్పించి వంటింటి అలమరాలో నిలవ పెట్టాను.

రూతుకు ఆ రోజు డ్యూటీ, నేనే కోటు తొడుక్కుని బడికి బయలుదేరాను.

"తాతా, ప్లీజ్, అక్కడ షౌట్ చెయ్యకు. లాస్ట్ టైమ్ యూ మేడ్ ఎ హోలీ షో ఆఫ్ మీ" అన్నాడు జోయెల్. నలుగురిలో నన్ను నవ్వులపాలు చేశావని వాడి భాష.

"నోర్మూసుకుని నడువు" అన్నాను.

టీచరు పేరు నోరా, జుట్టు నెరిసిన మనిషి. నేను కూర్చోకుండానే మొదలుపెట్టాను, మావాణ్ణి కింది పేపరుకు తోసేస్తే మీకేమొస్తుంది, ఆటవాడికి చదువు రాదని ఎవరు చెప్పారు, ఇలాంటి మాస్టర్లను నేను చిన్నప్పుడే చూశాను అని, యాభై ఏళ్లనాడు ఆ హెడ్‌మాస్టరును అడగవలసినవన్నీ ఆవిణ్ణి అడిగాను! ఆవిడ అంతా విన్నది. "యూ ఆర్ గ్రాండ్, కూర్చోండి" అన్నది. ఇక్కడ ఆ మాటకు ఏం పరవాలేదని అర్థం. తరువాత జోయెల్ పేపరు తీసి కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టింది.

సహోదరులారా, ఆ తెల్లకాగితంలో అంకెలున్నాయి! రబ్బరుతో రుద్దిన చోట పెన్సిలు నొక్కులు, వరస కింద వరస.

"చూడండి సార్, ఈ లెక్కలో మొదటి రెండు వరసలు సరిగ్గా వేశాడు. మూడో దాంట్లో గుర్తు తప్పింది, అంతే. రెండు వరసలకూ నేను మార్కులిచ్చేదాన్ని. మొత్తం తుడిచేశాడు, ఇక దేనికివ్వను?"

"తప్పుకు మార్కులా?" అన్నాను.

"తప్పుకు కాదు, వెళ్లిన దారికి" అని, వాడివైపు తిరిగి, "ఎందుకు తుడిచావు జోయెల్?" అన్నది.

వాడు ఆవిణ్ణి చూడలేదు, నన్ను చూశాడు. "ఇట్స్ తాతాస్ రూల్, మిస్."

నేను తలుపు వైపు నడిచాను. బస్సులో వాడే అన్నాడు, "నేను ఫౌండేషన్ రాస్తాలే తాతా. కోచ్‌కి నో అని చెప్తా. ఇట్స్ గ్రాండ్." గ్రాండ్ అంటూనే కిటికీ వైపు తిరిగి చొక్కా చేతితో కళ్లు తుడుచుకున్నాడు.

ఇంటికొచ్చి ఆ మధ్యాహ్నమే వంటింట్లో మోకాళ్లూనాను. ఏమని ప్రార్థించానో దాచకుండా రాస్తాను. "ప్రభువా, ఆ హెడ్‌మాస్టరు నా పేరు ఒక్కసారి కొట్టేశాడు, నేను నా మనవడి చేతే వాడి లెక్కల్ని పదకొండేళ్లు తుడిపించాను, మా ఇద్దరిలో పెద్ద దోషి ఎవరు? ఆయన్ని క్షమించమంటావేమో, నా వల్ల కాదు తండ్రీ, ఇన్నేళ్లలో కాలేదు, నీకు కావాలంటే నువ్వే నాలో ఆ పని చెయ్యి. నా పాపం పిల్లాడి మీద పడనీయకు." నాకు వెలుగు కనబడలేదు, స్వరం వినబడలేదు. లేద్దామంటే మోకాళ్లు రాలేదు. జోయెల్ వచ్చి చంకల కింద చేతులేసి లేపాడు. వాడి చేతుల్లో ఉండగానే, "నా తప్పురా అబ్బాయ్" అన్నాను. జన్మలో ఎవరితోనూ అనని మాట!

"తాతా, నీకు ఒంట్లో బాగా లేదా? జీపీకి ఫోన్ చెయ్యనా?" అన్నాడు వాడు కంగారుగా. జీపీ అంటే ఇక్కడ మామూలు జబ్బులు చూసే డాక్టరు.

ఆ రోజే రబ్బర్ల డబ్బాలన్నీ చెత్తడబ్బాలో పోశాం. వాడొక్కటి జేబులో వేసుకున్నాడు. ఎందుకురా అంటే, "సువనీర్ తాతా" అన్నాడు. మర్నాటినుంచి పెన్నుతోనే లెక్కలు. తప్పు వరస తప్పుగానే ఉండేది, దాని కింద కొత్త వరస మొదలయ్యేది. అది చూస్తూ ఊరుకోవడం నాకెంత కష్టమయ్యిందో నా దేవుడికే తెలుసు, నా చెయ్యి టేబుల్ మీద దానంతటదే రుద్దుతుండేది! "చెయ్యి తియ్ తాతా" అని వాడు నవ్వేవాడు. మీరంతా ప్రతి ఆదివారం వాడికోసం ప్రార్థించారు. ఒక సహోదరుడు మాత్రం, "అంకుల్, మనవాళ్లకెందుకీ ఆటలు, ట్యూషన్లో వేసి డాక్టర్ని చెయ్యండి" అన్నాడు. ఆయన ఇది చదువుతాడు, చదవాలి! కోపం నాకు పూర్తిగా పోయిందని అబద్ధం రాయను. వస్తుంది, కాని ఇదివరకులా మర్నాటికి నిలవ ఉండదు.

జూన్‌లో వాడు ఆర్డినరీ పేపరే రాశాడు. ఆగస్టులో ఫలితం ఫోనులో వచ్చింది. రూతే ముందు చూసింది. నేను ఇంకా కళ్లద్దాలు వెతుక్కుంటున్నాను. "నాన్నా, పాస్! పాస్!" అన్నది. ఒక్క మెట్టు తగ్గితే పోయేదే, సరిగ్గా గడప మీద నిలబెట్టాడు దేవుడు.

ఇక్కడ దిద్దిన పేపరు చూసుకోనిస్తారు. జోయెల్ నన్ను పిలిచి చూపించాడు. ఒక పెద్ద లెక్క, నాలుగు వరసలు రాసి తోవ తప్పి అక్కడే వదిలేశాడు, జవాబు లేదు. దాని పక్కన దిద్దినాయన చేత్తో రాసిన మార్కులున్నాయి. సగం లెక్కకు, జవాబుకు చేరని లెక్కకు! ఆ అంకె మీద వేలు పెట్టుకుని నేను ఏడ్చాను. పదో తరగతి పిల్లాడిలా ఏడ్చాను. అప్పుడు నా నోట ఆ హెడ్‌మాస్టరు పేరు వచ్చింది, తిట్టు లేకుండా వచ్చింది. ఆయన ఇప్పుడు లేడు. ఆయన పిల్లలు ఎక్కడున్నారో తెలియదు, వాళ్లకోసం రోజూ ప్రార్థిస్తున్నాను. ఇది నా పని కాదు, వంటింట్లో నేను అప్పగించిన పని దేవుడు చేశాడు. హల్లెలూయా!

సెప్టెంబరులో జోయెల్ యూనివర్సిటీ జట్టులో చేరాడు. పోయేరోజు ఆ రబ్బరు నా చేతిలో పెట్టి, "దిస్ వన్స్ యువర్స్" అన్నాడు, ఇది నీది తాతా అని. దాన్ని నా బైబిలు పక్కన ఉంచుకున్నాను.

చదువుతున్న సహోదరుడా, సహోదరీ, నీ బతుకులో ఎవరికీ కనబడకుండా రుద్ది రుద్ది చిరిగిపోవచ్చిన కాగితం ఒకటుంటే, ఇక రుద్దకు. తోవ తప్పిన వరస తప్పినట్టే, ఆగిపోయిన లెక్క ఆగినట్టే, అలాగే పట్టుకుని ఆయన దగ్గరకు రా. తుడిచే పని ఆయనది. ఆ పని నేను యాభై ఏళ్లు ఆయన చేతిలోనుంచి లాక్కున్నాను, నువ్వు లాక్కోవద్దు.